భారీ వాహనాల వెనుక యాక్సిల్: మరమ్మతుకు ముందు తనిఖీ, విప్పే క్రమం – తరచుగా అడిగే ప్రశ్నలు

లారీలు, బస్సులు, టిప్పర్లు, ట్రైలర్లను లాగే ట్రాక్టర్ వాహనాల వెనుక యాక్సిల్‌ను మరమ్మతుకు విప్పే మెకానిక్కులు, వర్క్‌షాపు సూపర్‌వైజర్లు, వాహన యజమానులు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఉన్నాయి. బిగించే టార్కులు (ఎంత బలంతో తిప్పాలన్న విలువలు), షిమ్‌ల (సర్దుబాటుకు వేసే పలుచని రేకుల) మందాలు మోడల్‌ను బట్టి మారతాయి కాబట్టి వాటిని ఆ యాక్సిల్ తయారీదారు సర్వీస్ మాన్యువల్‌లోనే చూసుకోవాలి. యాక్సిల్ ఎందుకు పాడైందో చెప్పే గుర్తులు చాలావరకు విప్పుతున్నప్పుడే చెదిరిపోతాయి. వాటిని చూసి, కొలిచి, రాసుకున్నాకే తర్వాతి బోల్టు మీద పానా పెట్టాలన్నదే ఈ సమాధానాలన్నిటిలో మేము పట్టుబట్టే విషయం.

యాక్సిల్‌ను విప్పాల్సిన అవసరం ఉందో లేదో ఎలా తేల్చుకోవాలి?

శబ్దం ఏ సమయంలో వస్తుందో గమనిస్తే సగం విషయం తేలిపోతుంది. యాక్సిలరేటర్ తొక్కి ఇంజిన్ లాగుతున్నప్పుడు మాత్రమే ఊళ వేసినట్టు శబ్దం వస్తుంటే క్రౌన్ వీల్ (యాక్సిల్ మధ్యలోని పెద్ద గేరు), పినియన్ (దాన్ని తిప్పే చిన్న గేరు) పళ్లలో లాగుడు వైపు ముఖాన్నీ పినియన్ బేరింగులనూ అనుమానించాలి. కాలు తీసేసి, గేరులో ఉంచి దొర్లనిచ్చినప్పుడు మాత్రమే వస్తే పళ్ల రెండో వైపు ముఖాన్నో, బిగువు తప్పిన పినియన్‌నో చూడాలి. నేరుగా నడిచేటప్పుడు నిశ్శబ్దంగా ఉండి మలుపు తిరిగినప్పుడే వినిపించే శబ్దం ఎక్కువగా డిఫరెన్షియల్ (మలుపులో రెండు వైపుల చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల కూర్పు) లోపలి స్టార్ పినియన్లు, సన్ గేర్లు, స్టార్ పినియన్లను మోసే స్పైడర్ దగ్గర పుడుతుంది. రెండు వైపుల చక్రాలూ ఒకే వేగంతో తిరుగుతున్నంతసేపు ఆ గేర్లు ఒకదానితో ఒకటి తిరగవు, మలుపులోనే వాటికి పని పడుతుంది. వేగంతో పాటు పెరుగుతూ, యాక్సిలరేటర్ తొక్కినా వదిలినా మారకుండా ఉండే గరగర శబ్దం హబ్ (చక్రాన్ని బిగించే మధ్య భాగం) బేరింగుది అయ్యే అవకాశం ఎక్కువ. అలాంటప్పుడు కొంతదూరం నడిపి ఆపి, రెండు వైపుల హబ్‌ల వేడినీ ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో పోల్చి చూడాలి. అయితే పట్టేస్తున్న బ్రేకు కూడా హబ్‌ను వేడెక్కిస్తుంది కనుక బ్రేకు సంగతి ముందు తేల్చుకోవాలి.

గేరు వేసి క్లచ్ వదలగానే వెనుక నుంచి వినిపించే ‘టక్’ అన్న దెబ్బ శబ్దానికి యాక్సిలే కారణమని తొందరపడకూడదు. యూనివర్సల్ జాయింట్ల క్రాసులు, ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్సు నుంచి యాక్సిల్‌కు శక్తి తెచ్చే కడ్డీ) స్లిప్ జాయింట్, వదులైన యూ-బోల్టులు, అరిగిన కమాను బుష్షులు కూడా అదే శబ్దం చేస్తాయి, పైగా వాటిని విప్పకుండానే చూసుకోవచ్చు. లోతైన గాడులున్న టైర్ల శబ్దాన్ని యాక్సిల్ శబ్దంగా పొరబడడం కూడా తరచుగా జరుగుతుంది. రోడ్డు మారినప్పుడు శబ్దం కూడా మారితే అది టైర్లదే.

గేర్ ఆయిల్‌ను చూసి ఏమి తెలుసుకోవచ్చు?

చాలా తెలుసుకోవచ్చు. అందుకే ఆయిల్‌ను డ్రెయిన్ గుంటలోకో పాత డబ్బాలోకో వదిలేయకుండా శుభ్రమైన, వెడల్పాటి పళ్లెంలోకి దించి వెలుతురులో పరిశీలించాలి. దించే ముందు లెవెల్ చూడాలి. సాధారణంగా లెవెల్ ప్లగ్ తీసినప్పుడు ఆయిల్ ఆ రంధ్రపు కింది అంచుకు సరిగ్గా అంటుకుని ఉండాలి. వేలు లోపలికి పెట్టి కిందికి వంచితే తగిలింది కదా అని సరిపెట్టుకుంటే పెద్ద హౌసింగ్‌లో (యాక్సిల్ బయటి గుల్లలో) కొన్ని లీటర్ల కొరతను గమనించకుండా వదిలేసినట్టే. డ్రెయిన్ ప్లగ్‌కు ఉన్న అయస్కాంతం మీద మెత్తటి బూడిద రంగు పేస్టు కొంత ఉండడం మామూలు అరుగుదల. వేళ్ల మధ్య రుద్దితే గుచ్చుకునే సూదుల్లాంటి ముక్కలు, పొలుసులు, పంటి చెక్కలు కనిపిస్తే మాత్రం లోపల ఒక భాగం రాలిపోతోందని అర్థం. పసుపు లేదా రాగి రంగులో మెరిసే పొడి కనిపిస్తే థ్రస్ట్ వాషర్లు, బుష్షులు అరుగుతున్నాయి.

ఆయిల్ పాలలా తెల్లబారి ఉంటే నీరు చేరింది. లోతైన నీళ్లలో దిగిన వాహనాల్లో, బ్రీదర్ పాడైన వాహనాల్లో ఇది ఎక్కువ. నల్లగా చిక్కబడి మాడు వాసన వస్తే విపరీతంగా వేడెక్కిందని గ్రహించాలి. అయితే హైపాయిడ్ గేర్లకు (పినియన్ మధ్యరేఖ క్రౌన్ వీల్ మధ్యరేఖకు పక్కకు జరిగి ఉండే రకానికి) వాడే జీఎల్-5 తరగతి ఆయిళ్లలో గంధకం ఉన్న రసాయనాలు కలుపుతారు కాబట్టి కొత్త ఆయిల్‌కూ ఘాటైన వాసన ఉంటుంది. వాసన ఒక్కదాన్నే పట్టుకుని తీర్పు చెప్పకూడదు.

ఆయిల్ సీల్ కారుతోంది. సీల్ మారిస్తే సరిపోతుందా?

ముందు బ్రీదర్ చూడండి. హౌసింగ్ మీద ఉండే ఈ చిన్న గాలి రంధ్రం బురదతో పూడిపోతే, నడకలో వేడెక్కిన గాలి బయటికి పోయే దారి లేక లోపల ఒత్తిడి పెరిగి ఆయిల్‌ను సీళ్ల గుండా నెడుతుంది. అలాంటి యాక్సిల్‌కు ఎన్ని కొత్త సీళ్లు వేసినా కారుతూనే ఉంటుంది, ఆ ఆయిల్ బ్రేకు లైనర్ల మీదికి చేరి బ్రేకు పట్టు కూడా పోతుంది. బ్రీదర్ తెరిచే ఉంటే అప్పుడు సీలు కూర్చునే చోట షాఫ్ట్ మీదా స్పిండిల్ (హబ్ బేరింగులు కూర్చునే హౌసింగ్ చివర) మీదా పడిన గాడిని, హబ్ బేరింగుల ప్లేను (వదులు కదలికను) చూడాలి. ఆయిల్ తడిసిన లైనర్లను కడిగి మళ్లీ వాడడం సరికాదు, వాటిని మార్చాలి.

విప్పడానికి ముందే తీసుకోవలసిన కొలతలు ఏవి?

మొదటిది హబ్ బేరింగుల అటూ ఇటూ కదలిక. చక్రాలు, డ్రమ్ము, యాక్సిల్ షాఫ్ట్ తీశాక, హబ్ నట్టు ఇంకా బిగించి ఉండగానే డయల్ గేజ్ (సూక్ష్మ కదలికను ముల్లుతో చూపే కొలమానం) అయస్కాంతపు పీఠాన్ని హబ్ ముఖానికి అంటించి, దాని మొనను స్పిండిల్ చివరకు ఆనించి, హబ్‌ను రెండు చేతులతో పట్టుకుని కొద్దిగా అటూ ఇటూ తిప్పుతూ లోపలికి నొక్కి, బయటికి లాగి సూచిక ఎంత కదిలిందో చూడాలి. సర్దుబాటు చేసుకునే టేపర్ రోలర్ బేరింగులున్న హబ్‌లకు సాధారణంగా 0.025 నుంచి 0.125 మిల్లీమీటర్ల మధ్య ప్లే ఉండాలంటారు. అంతకంటే బాగా ఎక్కువ చూపించినా, అసలు ప్లే లేకుండా బిగుసుకుపోయి ఉన్నా ఆ సంఖ్యను కాగితం మీద రాయాలి. నట్టు వదులు చేసిన మరుక్షణం ఈ ఆధారం పోతుంది, మళ్లీ ఎవరూ దాన్ని తిరిగి తేలేరు.

రెండోది పినియన్ ఫ్లాంజ్ (ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను బిగించే చదును బిళ్ల) దగ్గర కదలిక. ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పాక ఫ్లాంజ్‌ను పైకీ కిందికీ, ముందుకూ వెనక్కూ కదిపి చూడాలి. అది చేతికి తెలిసేంతగా ఊగితే పినియన్ బేరింగుల ప్రీలోడ్ (ముందే పెట్టిన బిగువు) పోయినట్టే.

మూడోది క్రౌన్ వీల్, పినియన్ల మధ్య బ్యాక్‌లాష్ (పళ్ల మధ్య ఖాళీ). క్యారియర్‌ను (క్రౌన్ వీల్, పినియన్, డిఫరెన్షియల్‌ను మోసే భాగాన్ని) బయటికి తీసి స్టాండు మీద బిగించాక, బేరింగు క్యాపులు ముట్టుకోకముందే దీన్ని కొలవాలి. డయల్ గేజ్ మొనను క్రౌన్ వీల్ పంటి బయటి చివర, పంటి ముఖానికి నిట్టనిలువుగా ఉండేలా ఆనించి, పినియన్‌ను కదలకుండా పట్టి, క్రౌన్ వీల్‌ను అటూ ఇటూ ఆడించాలి. చుట్టూ సమాన దూరాల్లో మూడు నాలుగు చోట్ల కొలిస్తే ఒకచోట బిగువుగా, మరోచోట వదులుగా ఉందేమో తెలుస్తుంది. పెద్ద యాక్సిళ్లలో ఈ విలువ సాధారణంగా 0.20 నుంచి 0.50 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. పాత క్రౌన్ పినియన్ జతనే తిరిగి వాడే ఉద్దేశం ఉంటే ఈ కొలత మరీ ముఖ్యం. ఒకదానితో ఒకటి అరిగి కుదురుకున్న పళ్లను కొత్త జతకు ఇచ్చే విలువకు కాకుండా, ఇప్పుడు రాసుకున్న పాత విలువకే తిరిగి అమర్చాలి. అప్పుడే క్రౌన్ వీల్ వెనుక ముఖం మీద కూడా గేజ్ పెట్టి ఒక పూర్తి చుట్టు తిప్పి, ఊగుడు ఎంత ఉందో చూడాలి. 0.20 మిల్లీమీటర్లు దాటితే డిఫరెన్షియల్ కేస్ వంకరగా ఉందో, కేసుకూ క్రౌన్ వీల్‌కూ మధ్య చెత్త ఉందో, బేరింగులు పోయాయో వెతకాలి. చివరగా కొన్ని పళ్లకు మార్కింగ్ రంగు పూసి తిప్పి, పడిన ముద్రను ఫోటో తీసి పెట్టుకోవడం మంచిది.

వాహనాన్ని ఎలా నిలపాలి?

గట్టి, సమతలమైన నేల మీద నిలిపి, ముందు చక్రాలకు రెండు వైపులా దిమ్మలు వేయాలి. యాక్సిల్ షాఫ్ట్‌గానీ ప్రొపెల్లర్ షాఫ్ట్‌గానీ విప్పిన తర్వాత గేరులో ఉంచినంత మాత్రాన వాహనం ఆగి ఉండదు. వెనుక స్ప్రింగ్ బ్రేకులు (పార్కింగ్ బ్రేకులు) కూడా విడుదల చేస్తాం కాబట్టి ఇక ఆ దిమ్మలే దిక్కు. జాకీతో ఎత్తాక బరువుకు తగిన స్టాండ్లను ఛాసిస్ కింద గానీ, యాక్సిల్ కింద గానీ పెట్టి వాహనాన్ని వాటి మీదికి దించాలి. జాకీ ఎత్తడానికి మాత్రమే, మోయడానికి కాదు. ఇటుకలు, చెక్క ముక్కలు, రిమ్ములు పేర్చి పని కానిచ్చే అలవాటును మేము ఏ పరిస్థితిలోనూ సమర్థించము. లోడు ఉంటే ముందే దించేయాలి. బ్యాటరీ కనెక్షన్ తీసి, స్టీరింగ్‌కు ‘పని జరుగుతోంది’ అన్న అట్ట తగిలించాలి.

జంట చక్రాలు విప్పేటప్పుడు మరో జాగ్రత్త అవసరం. ఉండవలసిన గాలిలో 80 శాతం లేదా అంతకంటే తక్కువ గాలితో నడిచిన టైరు ఉన్నా, రిమ్ము లేదా లాక్ రింగు దెబ్బతిన్నట్టు అనుమానం వచ్చినా, నట్లు వదులు చేయకముందే వాల్వు పిన్ను తీసి గాలి పూర్తిగా వదిలేయాలి. ముక్కలుగా వచ్చే రిమ్ముల్లో లాక్ రింగు ఎగిరిపడితే ప్రాణం పోతుంది. కొన్ని వాహనాల్లో ఎడమ వైపు స్టడ్లకు ఎడమ చుట్టు మరలు ఉంటాయి. ఎయిర్ గన్ పెట్టే ముందు స్టడ్ చివర ఉన్న గుర్తు చూసుకోవాలి.

స్ప్రింగ్ బ్రేక్ చాంబర్ గురించి అందరూ అంత గట్టిగా ఎందుకు హెచ్చరిస్తారు?

ఆ చాంబర్ వెనుక భాగంలో వందల కిలోల బలంతో నొక్కి ఉంచిన స్ప్రింగు ఉంటుంది. ట్యాంకుల్లో గాలి లేకపోయినా ఆ బలం అలాగే ఉంటుంది, గాలి లేనప్పుడే అది బ్రేకును పట్టి ఉంచుతుంది కూడా. డ్రమ్ము తీయాలన్నా, యాక్సిల్‌ను దించాలన్నా చాంబర్‌తో ఇచ్చిన కేజింగ్ బోల్టును వెనుక రంధ్రంలో దూర్చి, పావు చుట్టు తిప్పి, లోపలి ప్లేటుకు సరిగా చిక్కిందో లేదో లాగి చూసి, నట్టు బిగిస్తూ స్ప్రింగును పూర్తిగా వెనక్కి లాగి బంధించాలి. ముందు ట్యాంకులో గాలి నింపి పార్కింగ్ బ్రేకు విడుదల చేస్తే ఈ పని తేలికవుతుంది. బోల్టు ఎక్కకపోతే, లేదా చాంబర్ పైన సొట్ట, తుప్పు, పగులు కనిపిస్తే ఆ చాంబర్‌ను విప్పే ప్రయత్నం చేయకుండా తయారీదారు సూచించిన పద్ధతిలో మొత్తంగానే తొలగించాలి. స్ప్రింగు ఉన్న అర్ధభాగపు క్లాంపును ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పకూడదు. ఎయిర్ పైపులు విప్పేముందు ట్యాంకుల్లోని గాలి పూర్తిగా వదిలేయాలి.

యాక్సిల్ షాఫ్ట్ తీయడానికి చక్రాలు విప్పాల్సిందేనా?

అవసరం లేదు. భారీ వాహనాల్లో ఎక్కువగా వాడేది పూర్తిగా తేలియాడే రకం యాక్సిల్. ఇందులో వాహనం బరువంతా హౌసింగ్ చివరనున్న స్పిండిల్ మీద, రెండు టేపర్ బేరింగుల మీదుగా హబ్‌కు చేరుతుంది. షాఫ్ట్ చేసేది చక్రాన్ని తిప్పడం మాత్రమే, బరువుతో దానికి సంబంధం లేదు. అందుకే వాహనం నాలుగు చక్రాల మీద నిలబడి ఉండగానే ఫ్లాంజ్ నట్లు విప్పి షాఫ్ట్‌ను బయటికి లాగవచ్చు. చెడిపోయిన వాహనాన్ని లాక్కెళ్లేటప్పుడు షాఫ్టులు తీసేయడం కూడా ఇందువల్లే సాధ్యమవుతోంది. అయితే షాఫ్ట్ తీశాక హబ్ నోరు తెరుచుకుని ఆయిల్ కారుతుంది, దుమ్ము బేరింగులోకి పోతుంది. వెంటనే ఒక మూత బిగించాలి. ఎడమ, కుడి షాఫ్టుల పొడవు చాలా యాక్సిళ్లలో వేరుగా ఉంటుంది కాబట్టి ఏది ఎటువైపుదో పెయింటుతో రాసుకోవాలి.

నట్లన్నీ విప్పినా షాఫ్ట్ కదలడం లేదు. ఉలి పెట్టి కొట్టవచ్చా?

వద్దు. ఫ్లాంజ్ రంధ్రాల్లో స్టడ్ల చుట్టూ చీలిక ఉన్న కోన్లు బిగుసుకుని ఉంటాయి, షాఫ్ట్‌ను పట్టి ఉంచేది అవే. ఫ్లాంజ్‌కూ హబ్‌కూ మధ్య ఉలి దూరిస్తే రెండు ముఖాలూ నొక్కుకుపోయి, తిరిగి బిగించినప్పుడు అక్కడే ఆయిల్ కారుతుంది. సరైన పద్ధతి ఏమిటంటే, నట్లను పూర్తిగా తీసేయకుండా స్టడ్ చివరిదాకా వదులు చేసి ఉంచి, షాఫ్ట్ ఫ్లాంజ్ సరిగ్గా మధ్యలో మందపాటి ఇత్తడి దిమ్మను ఆనించి దాని మీద సమ్మెటతో గట్టిగా కొట్టాలి. ఆ అదురుకు కోన్లు ఒక్కసారిగా వదులై బయటికి ఎగురుతాయి, వాటిని ఆ నట్లే ఆపుతాయి. కంటికి అద్దాలు లేకుండా ఈ పని చేయకూడదు, ఫ్లాంజ్‌కు ఎదురుగా ఇంకెవరూ నిలబడకూడదు. ఫ్లాంజ్ అంచు మీద కొట్టినా, ఇనుప సుత్తితో నేరుగా కొట్టినా గట్టిపరచిన ఉక్కు పెళ్లలుగా చిట్లే ప్రమాదం ఉంది.

బయటికి వచ్చిన కోన్లను, స్టడ్లను చూడండి. కోను లోపలి గోడ మెరుగు పెట్టినట్టు నిగనిగలాడుతున్నా, స్టడ్ రంధ్రం కోడిగుడ్డు ఆకారంలో సాగినా ఆ ఫ్లాంజ్ చాలాకాలంగా వదులుగా తిరిగింది. స్టడ్లు బిగిసి ఉన్నా అదే వైపు పదే పదే వదులవుతుంటే హౌసింగ్ వంగి ఉందేమో కొలవాలి.

షాఫ్ట్ లోపలే విరిగిపోయింది. ముక్క ఎలా తీయాలి? ఎందుకు విరిగిందో తెలుస్తుందా?

బయటి ముక్క ఫ్లాంజ్‌తో వచ్చేస్తుంది. లోపలి ముక్క సన్ గేరు స్ప్లైన్లలో (షాఫ్ట్‌ను పట్టి తిప్పే నిలువు గాడుల్లో) ఉండిపోతుంది. కొన్నిసార్లు రెండో వైపు షాఫ్ట్ తీసి, పొడవాటి కడ్డీతో అవతలి నుంచి నెట్టవచ్చు, లేదంటే క్యారియర్‌తో పాటే బయటికి తీయాలి. ఏ పద్ధతిలో తీసినా ముక్కలన్నిటినీ నేల మీద వరుసగా పేర్చి, విరిగిన ముఖాలు ఒకదానికొకటి కలుస్తున్నాయో లేదో చూడాలి. కలవకపోతే ఒక ముక్క ఇంకా హౌసింగ్ లోపలే ఉంది. దాన్ని వదిలేసి బిగిస్తే మొదటి కిలోమీటర్లలోనే క్రౌన్ పళ్లు పోతాయి.

విరిగిన ముఖాన్ని కడిగి, తుడిచి, తుప్పు పట్టకముందే చూడాలి. ముఖమంతా ఒకే రంగులో, గరుకుగా, తాజాగా ఉంటే ఒక్క దెబ్బకు విరిగిందని అర్థం: క్లచ్ ఒక్కసారిగా వదలడం, జారుతున్న చక్రం ఉన్నట్టుండి గట్టినేల మీద పట్టు దొరకబుచ్చుకోవడం వంటివి. సముద్రపు ఒడ్డున అలలు వదిలిన చారల్లాంటి వంపు గీతలు ఒక మూల నుంచి మొదలై వ్యాపిస్తే, ఆ మూలలో చాలాకాలం క్రితమే పగులు పుట్టి కొద్దికొద్దిగా పెరిగింది. మొదటి సందర్భంలో నడిపే తీరునూ లోడునూ సరిచేయాలి, రెండో సందర్భంలో పగులు మొదలైన చోట ఉన్న గీతనో, వెల్డింగ్ మచ్చనో, వదులైన ఫ్లాంజ్‌నో పట్టుకోవాలి. విరగకుండా ఉన్న రెండో షాఫ్ట్‌ను కూడా తీసి చూడడం తప్పనిసరి. దాని స్ప్లైన్లు నిటారుగా కాక మెలితిరిగి కనిపిస్తే అది కూడా తన హద్దు దాటిన షాఫ్టే.

హబ్, డ్రమ్ము విప్పేటప్పుడు ఏం గమనించాలి?

డ్రమ్ము తీయగానే కంప్రెసర్ గాలితో ఊదడం చాలాచోట్ల అలవాటు. దీన్ని వెంటనే మానుకోవాలి. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే దశాబ్దాల తర్వాత కూడా ప్రాణాంతక వ్యాధులు వస్తాయి. తడిగుడ్డతోనో, తగిన వ్యాక్యూమ్‌తోనో శుభ్రం చేయాలి, ముక్కుకు మాస్కు ఉండాలి. స్లాక్ అడ్జస్టర్‌ను (బ్రేకు షూల ఎడం సర్దే లీవరును) వెనక్కి తిప్పి షూలను దగ్గరకు తీసుకుంటే, లోపల అంచు కట్టిన డ్రమ్ము కూడా తేలిగ్గా వస్తుంది.

హబ్ నట్టు లాక్ వాషర్ నాలుకను వెనక్కి వంచి నిటారు చేసి, సరైన సైజు బాక్సు పానాతోనే నట్టు విప్పాలి. ఉలితో కొట్టి తిప్పిన నట్టును తిరిగి కచ్చితమైన బిగువుకు తేవడం కుదరదు. హబ్‌ను బయటికి లాగేటప్పుడు బయటి బేరింగు జారి నేల మీద పడకుండా చేయి అడ్డం పెట్టాలి. బేరింగులను కడిగాక గాలితో గిరగిరా తిప్పవద్దు: లోపల ఉన్న చెత్త గీతలు పెడుతుంది, పంజరం తెగి రోలర్లు ఎగరవచ్చు. ఏ బేరింగు లోపలి భాగం ఏ కప్పుతో (బయటి రింగుతో) నడిచిందో ఆ జతను విడదీయకుండా గుర్తు పెట్టుకోవాలి. స్పిండిల్ మీద బేరింగు కూర్చునే చోట నీలం రంగు, గీతలు, మెట్టులా అరుగుదల ఉన్నాయేమో వేలితో తడిమి చూడాలి.

మొత్తం యాక్సిల్‌ను దించాలా, డిఫరెన్షియల్ క్యారియర్ ఒక్కటి తీస్తే సరిపోతుందా?

పాడైనవి గేర్లూ వాటి బేరింగులే అయితే క్యారియర్ తీస్తే చాలు. హౌసింగ్ పగిలినా, వంగినా, స్పిండిల్ పోయినా మాత్రమే కమాన్ల యూ-బోల్టులు విప్పి యాక్సిల్ మొత్తాన్ని దించవలసి వస్తుంది.

ముందుగా ప్రొపెల్లర్ షాఫ్ట్. షాఫ్ట్‌కూ ఫ్లాంజ్‌కూ కలిపి ఒక గీత పెట్టుకుని, విప్పిన చివరను తాడుతోనో గొలుసుతోనో ఛాసిస్‌కు కట్టాలి. ఒక చివర జాయింటు మీదే వేలాడదీస్తే ఆ జాయింటు పాడవుతుంది. క్రాసు కప్పులు ఊడి సూది రోలర్లు పడిపోకుండా టేపు చుట్టాలి.

భారీ వాహనాల క్యారియర్లలో చాలా వాటి బరువు వంద కిలోలకు పైనే, పెద్దవాటిది రెండు వందలు కూడా దాటుతుంది. ఇద్దరు మనుషులు పట్టుకుని దించవచ్చనుకునే బరువు కాదిది. ముందు భాగం కింద రోలర్ జాకీ పెట్టి, దానికి క్యారియర్‌ను పట్టీతో కట్టి, ఆ తర్వాతే బోల్టులు విప్పాలి. అన్నీ విప్పినా పైనున్న రెండింటిని మాత్రం కొన్ని చుట్లు వదులు చేసి అలాగే ఉంచాలి. అంటుకుపోయిన క్యారియర్ ఒక్కసారిగా ఊడినా ఆ రెండూ దాన్ని పట్టి ఉంచుతాయి. లెదర్ సుత్తితో చుట్టూ తట్టి, ఫ్లాంజ్‌లో మర రంధ్రాలు ఇచ్చి ఉంటే వాటిలో బోల్టులు సమానంగా బిగిస్తూ బయటికి నెట్టాలి. ముఖాల మధ్య గడ్డపార దూర్చకూడదు. డిఫరెన్షియల్ లాక్ ఉన్న యాక్సిళ్లలో ఇంకో సంగతి ఉంది: లాక్‌ను మాన్యువల్‌లో చెప్పినట్టు చేతితో పడేలా చేసి ఉంచకపోతే జారుడు కాలర్ హౌసింగ్‌కు తట్టుకుని క్యారియర్ బయటికి రాదు, బలవంతంగా లాగితే షిఫ్ట్ ఫోర్కు వంగుతుంది.

క్యారియర్‌ను బెంచీ మీద ఏ క్రమంలో విప్పాలి?

పైన చెప్పిన బ్యాక్‌లాష్, ఊగుడు కొలతలు పూర్తయ్యాక బేరింగు క్యాపుల మీద, అవి కూర్చునే క్యారియర్ కాళ్ల మీద పంచుతో చుక్కలు పెట్టాలి: ఒక వైపు ఒకటి, రెండో వైపు రెండు. ఈ క్యాపులను క్యారియర్‌తో కలిపి ఒకేసారి బోరింగ్ చేస్తారు కాబట్టి ఎడమది కుడికి, ఒక క్యారియర్‌ది మరోదానికి పనికిరావు. సర్దుబాటు రింగులకూ అలాగే గుర్తు పెట్టాలి. క్యాపులు తీశాక క్రౌన్ వీల్‌తో సహా డిఫరెన్షియల్‌ను చైన్ పుల్లీతో పైకెత్తాలి. క్రౌన్ వీల్ వైపు నుంచి కాస్త వంచి ఎత్తితే పినియన్‌కు తగలకుండా వస్తుంది.

డిఫరెన్షియల్ కేసు రెండు అర్ధభాగాలకూ కలిపి గుర్తు పెట్టి బోల్టులు విప్పాలి. లోపలి నాలుగు స్టార్ పినియన్లు, వాటి వెనుక థ్రస్ట్ వాషర్లు, స్పైడర్, రెండు సన్ గేర్లు ఏ స్థానంలో ఉన్నాయో అదే వరుసలో పరచాలి. క్రౌన్ వీల్ కొన్ని మోడళ్లలో బోల్టులతో, కొన్నింటిలో రివెట్లతో ఉంటుంది. రివెట్ తలలను ఉలితో నరికితే కేసు రంధ్రాలు దెబ్బతింటాయి. తల మధ్యలో డ్రిల్ చేసి, పంచుతో వెనక్కి నెట్టి తీయాలి.

పినియన్ నట్టు వెయ్యి న్యూటన్ మీటర్లకు పైబడిన టార్కుతో బిగించి ఉండవచ్చు. ఫ్లాంజ్‌ను పట్టి ఉంచే పొడవాటి బార్ లేకుండా పళ్ల మధ్య గుడ్డ ముక్కో, ఇనుప ముక్కో పెట్టి ఆపే ప్రయత్నం చేస్తే పళ్లు చిట్లుతాయి. నట్టు విప్పే ముందు పినియన్‌ను తాడు చుట్టి స్ప్రింగ్ త్రాసుతోనో, చిన్న టార్క్ రెంచితోనో తిప్పి తిరుగుడు నిరోధం ఎంతుందో రాసుకోవాలి. పినియన్ కేజ్ కింద వచ్చే షిమ్‌ల కట్టను తీగతో కట్టి, మందం కొలిచి భద్రపరచాలి. ఆ కట్టే పినియన్ ఎంత లోతుగా కూర్చోవాలో నిర్ణయిస్తుంది. ఎన్ని షిమ్‌లు ఉన్నాయన్నది కాదు, మొత్తం మందం ముఖ్యం.

పళ్లను, బేరింగులను చూసి కారణం చెప్పగలమా?

చాలా సందర్భాల్లో చెప్పగలం, ఇక్కడ ఓపిక చూపినంత ఫలితం మరెక్కడా ఉండదు. పంటి ముఖం మీద చిన్న చిన్న గుంతలు పడి క్రమంగా కలిసిపోతే అది అలసట: ఎక్కువ లోడు, ఎక్కువ కాలం, లేదా ముద్ర సరైన చోట పడకపోవడం. జారుడు దిశలో గీరినట్టు నిలువు గీతలు పడి, పంటి కొన సన్నబడితే ఆయిల్ తక్కువైంది, లేదా ఆ గేర్లకు తగిన తరగతి ఆయిల్ పోయలేదు. ఒకటి రెండు పళ్లు మాత్రమే విరిగి మిగతావి శుభ్రంగా ఉంటే దెబ్బ తగిలింది. ముద్ర పంటి ఒక చివరకే పరిమితమైతే గత మరమ్మతులో సర్దుబాటు తప్పింది.

స్పైడర్ భుజాల మీద లోహం కరిగి అంటుకుని స్టార్ పినియన్లు పట్టేసి ఉంటే, ఒక చక్రం బురదలోనో, ఇసుకలోనో నిలబడి గిర్రున తిరుగుతుండగా డ్రైవరు యాక్సిలరేటర్ తొక్కి ఉంచాడని దాదాపు ఖాయంగా చెప్పవచ్చు. ఆ స్థితిలో స్టార్ పినియన్లు స్పైడర్ మీద వాటికి అలవాటు లేని వేగంతో తిరుగుతాయి, ఆయిల్ పొర తెగిపోతుంది. భాగాలు మార్చడంతో పాటు ఈ విషయం డ్రైవరుకు వివరించి చెప్పకపోతే కొత్త భాగాలూ అదే దారి పడతాయి.

బేరింగు దారి మీద పెచ్చులు ఊడితే అలసట, నీలం లేదా గోధుమ రంగు తిరిగితే వేడి, రోలర్ల మధ్య దూరంలోనే వరుసగా నొక్కులు పడితే దెబ్బ తగలడం, సన్నటి గీతలతో పొగమంచు పట్టినట్టు మసకబారితే ఆయిల్‌లో దుమ్ము. తుప్పు మరకలు నీటిని సూచిస్తాయి.

క్రౌన్ వీల్, పినియన్లలో ఒక్కదాన్నే మార్చవచ్చా?

మార్చకూడదు. రెండింటినీ తయారీలోనే జతగా నడిపి, ఒకే జత సంఖ్య వేసి పంపుతారు. ఒకటి బాగున్నట్టు కనిపించినా రెండూ మార్చాలి, కొత్త జత మీది సంఖ్యలు కలిశాయో లేదో బిగించే ముందే చూసుకోవాలి.

హౌసింగ్‌ను ఎలా పరీక్షించాలి? పగులుకు వెల్డింగ్ చేయవచ్చా?

హౌసింగ్‌ను బాగా కడిగి, కమాను సీటు దగ్గర, టార్క్ రాడ్ బ్రాకెట్ల దగ్గర, స్పిండిల్ అతుకు దగ్గర, మధ్య గుండ్రటి భాగపు మూలల్లో డై పెనిట్రెంట్ (పగుళ్లలోకి దిగే రంగు ద్రవం) పోసి చూడాలి. కంటికి వెంట్రుకలా కూడా కనిపించని పగులు ఎర్రటి గీతగా బయటపడుతుంది. వెనుక టైర్లు లోపలి అంచున ఏకపక్షంగా అరుగుతున్నా, ఒకే వైపు హబ్ బేరింగులు మళ్లీ మళ్లీ పోతున్నా వంపు కొలిపించాలి. వెల్డింగ్ విషయంలో మా అభిప్రాయం స్పష్టం: తయారీదారు రాతపూర్వకంగా అనుమతించిన చోట, చెప్పిన పద్ధతిలో తప్ప బరువు మోసే భాగం మీద వెల్డింగ్ చేయకూడదు. చుట్టూ గట్టిదనం మారిపోయి పగులు పక్కనుంచే మళ్లీ మొదలవుతుంది. పట్టేసిన భాగాలు వదలడానికి గ్యాస్ మంటతో కాల్చడం కూడా ఇంతే హానికరం, హబ్, షాఫ్ట్, గేర్లు అన్నీ వేడి చికిత్సతో బలం పొందిన భాగాలే.

రెండు వెనుక యాక్సిళ్లు ఉన్న వాహనాల్లో తేడా ఏమిటి?

ముందున్న డ్రైవ్ యాక్సిల్‌లో వెనుక యాక్సిల్‌కు కూడా శక్తిని పంచే ఇంటర్-యాక్సిల్ డిఫరెన్షియల్ ఉంటుంది కాబట్టి దాని క్యారియర్ మరింత బరువు, విప్పే భాగాలూ ఎక్కువ. రెండు యాక్సిళ్ల గేర్ నిష్పత్తి ఒకటే అయి ఉండాలి. ఒకదాన్ని మారుస్తున్నప్పుడు ప్లేటు మీది నిష్పత్తి చదివి, క్రౌన్, పినియన్ పళ్లు లెక్కపెట్టి నిర్ధారించుకోవాలి. నాలుగు వైపుల జంట టైర్ల వ్యాసాలు కూడా కొలవాలి, తేడా ఎక్కువైతే ఆ మధ్య డిఫరెన్షియల్ విరామం లేకుండా తిరుగుతూ అరుగుతుంది.

విప్పిన వాటిలో ఏవి తిరిగి వాడకూడదు?

ఆయిల్ సీళ్లు, గాస్కెట్లు, ఓ-రింగులు, వంచిన లాక్ వాషర్లు, పిన్నులు, నొక్కుకుని కూర్చునే రకం పినియన్ స్పేసర్ ఉంటే అదీ మళ్లీ వాడకూడదు. థ్రస్ట్ వాషర్లలో ఒకటి అరిగితే మొత్తం వరుస మార్చాలి. క్రౌన్ వీల్ బోల్టుల సంగతి మాన్యువల్ నిర్ణయిస్తుంది, అందులో తిరిగి వాడవచ్చని లేకపోతే కొత్తవే వేయాలి. బేరింగు లోపలి భాగం కొత్తదైతే కప్పు కూడా కొత్తదే కావాలి. మిగిలిన భాగాలు కడిగి, ఆరబెట్టి, పలుచగా ఆయిల్ పూసి, దుమ్ము పడని మూత డబ్బాల్లో ఎడమ, కుడి వేరు చేసి ఉంచాలి. కొత్త భాగాలు రావడానికి రోజులు పట్టేలా ఉంటే హౌసింగ్ నోటికీ రెండు హబ్‌లకూ శుభ్రమైన మూతలు బిగించి, రాసుకున్న కొలతల కాగితాన్ని ఆ డబ్బాలోనే పెట్టాలి. బిగించేది మరొకరైనా వారికి ఆ కాగితం కావాలి.